పక్క నంబరు

ఆదివారం పొద్దున కూడా అంబదాస్ భార్యతో మాట్లాడలేదు. మాట్లాడక నాలుగు రోజులైంది.

అలాగని బొత్తిగా నోరు కట్టుకున్నాడని కాదు. తల్లితో మాట్లాడుతున్నాడు. పక్కింటి అనుసూయాబాయితో మాట్లాడుతున్నాడు. గుమ్మంలోకి తల దూర్చిన మేకతో కూడా రెండు ముక్కలు మాట్లాడాడు. దాహమేస్తే మాత్రం "అమ్మా, నీళ్ళు" అంటాడు. కుండ పక్కన ఉన్నది వత్సల. మంచం మీదున్న లక్ష్మీబాయి "నీళ్ళియ్యి" అని కోడలికి చెబుతుంది. వత్సల ఇస్తుంది. అతను గోడకేసి చూస్తూ తాగుతాడు.

బుధవారం మరాఠీ పేపర్లో బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఫలితాల నికాలు పడింది. వత్సల నంబరు ఉంది. దాని పక్క నంబరు లేదు. అది అంబదాస్‌ది. అనుసూయాబాయి ఉన్న నంబరుకు ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఆ పేపరు పట్టుకొచ్చి, కోవా పేడాలు ఎప్పుడు పంచుతారని అడిగింది. ఆమె పాపం మంచి మనసుతోనే అడిగింది. లక్ష్మీబాయి మాత్రం ఆవిడ ముఖాన తలుపు వేసినంత పనిచేసింది.

అసలు వత్సల పరీక్ష రాయాలని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, వత్సలతో సహా. ఆమె అర్జీ నింపింది అంబదాసే. కాలేజీ కచేరీలో పదేళ్ళుగా గుమాస్తా. ఈ పరీక్ష రెండుసార్లు ఇంగ్లీషులోనే తప్పాడు. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. రెండు అర్జీలు ఒకే రోజు, ఒకే కిటికీ దగ్గర రిజిస్టరు పోస్టు చేస్తే నంబర్లు పక్కపక్కనే పడతాయని, నంబర్లు పడితే బెంచీలు కూడా పడతాయని ఎవడో చెవిలో వేశాడు. పెళ్ళాం దెగ్లూర్‌లో బీఏ చేసి ఇంట్లో ఊరికే ఉంది. ఇంగ్లీషు మాటలన్నీ ఆమెకు నోటికొచ్చు. ఇక చూసుకోండి, రెండు అర్జీలూ తానే నింపి, తానే పోస్టు చేసి వచ్చాడు.

నంబర్లు అనుకున్నట్టే పడ్డాయి. ఔరంగాబాద్ హాల్లో బెంచీలూ అనుకున్నట్టే పడ్డాయి. ఇద్దరికీ ఒకే రకం ప్రశ్నపత్రం కూడా వచ్చింది. మరి ఆ గంటలో ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలియాలి. మూడోవారికి తెలియని చోట లక్ష్మీబాయి తన కథ తాను అల్లుకుంది. కోడలు మోచేయి అడ్డం పెట్టి కాగితం దాచిందన్నది ఆ కథ. అంబదాస్ ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు.

నిన్న శనివారం టపాలో ములాఖత్‌కు, అదే ఇంటర్వ్యూకు, రమ్మని కాగితం వచ్చింది. ఇవాళ్టికి పదకొండు రోజుల్లో నాగ్‌పూర్‌లో హాజరు కావాలి. దాంతో ఇంట్లో రాజుకుంటున్నది కాస్తా ఈ పొద్దున భగ్గుమంది.

"నాగ్‌పూర్ లేదు, గీగ్‌పూర్ లేదు," అన్నది లక్ష్మీబాయి, మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతూ. "మొగడు గుమాస్తాగిరి చేసుకుంట ఉంటె పెండ్లాం ఆఫీసరై కుర్చీల కూసుంటదా? నలుగురు ఏమంటరు?"

వత్సల పొయ్యి దగ్గర సుశీల అనే ఫలహారం చేస్తోంది. తడిపిన మరమరాలను తాలింపులో వేసి కలుపుతూనే, నలుగురూ ఇప్పటికే అంటున్నారని, ఆ మిగిలింది కూడా నాగ్‌పూర్ వెళ్ళొచ్చి ఒకేసారి వింటానని చెప్పింది. గొంతు పెంచలేదు. గరిటె కూడా ఆపలేదు. ఆ తీరే లక్ష్మీబాయికి ఒళ్ళు మండించింది. ఏడ్చే కోడలినైతే ఓదార్చవచ్చు, అరిచే కోడలినైతే అణచవచ్చు. వండుకుంటూ జవాబు చెప్పే కోడలిని ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఒక్క గంట సేపు కాగితం జెర ఇటు జరిపితె నీ సొమ్మేం పోతుండె?" అన్నదామె. "పరాయోడా? సొంత మొగడు గాదా?"

వత్సల గిన్నె దించింది. జవాబు ఆమె దగ్గర ఉంది. చెబితే అత్త నోరు ఆ క్షణమే మూతపడేది. కానీ ఆ జవాబుకు తలదించుకోవలసింది అత్త కాదు, గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి. తల్లి ముందు, తండ్రి ముందు అతన్ని అలా నిలబెట్టడానికి వత్సలకు మనసొప్పలేదు. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉంది.

అంబదాస్ నేల వైపు చూస్తున్నాడు.

ఇంతవరకూ నోరు విప్పని మరో మనిషి ఆదిశేషయ్య. ఆయన వత్సల మామగారు. నిజాం కాలంలో రైల్వేలో చేరి, స్టేషన్లలో తంతి కొట్టీ కొట్టీ రిటైరైన తారుబాబు. డెబ్బై నాలుగేళ్ళు. చెవి ఒకటి సరిగ్గా వినపడదు. ఇంట్లో పోట్లాట మొదలైతే ఆ చెవి ఇటు తిప్పుకుంటాడని లక్ష్మీబాయి ఫిర్యాదు.

"బిడ్డా," అని కోడలిని పిలిచాడాయన. "బయాజు తే. పదకొండు రోజులే ఉన్నయ్. మొదటి సంది ఒక్కసారి తిప్పుదాం."

బయాజంటే ఆయన రాసుకున్న నోటుబుక్కు. కొత్తగా కొలువులో చేరిన రోజుల్లో ఓ ఇంగ్లీషు దొర పంపిన తాఖీదులో ఒక్క మాట అర్థంకాక రైలును అరగంట ఆపి తిట్లు తిన్నాడు. ఆ రాత్రి నుంచి రోజుకో ఇంగ్లీషు మాట నేర్చుకుంటానని ఒట్టు పెట్టుకొని తొమ్మిదేళ్ళు తప్పకుండా రాశాడు. మూడువేల పైచిలుకు మాటలు. ఆయనది ఉర్దూ బడి కాబట్టి అర్థాలన్నీ ఉర్దూలో రాశాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కొడుకుది మరాఠీ బడి. ఉర్దూ లిపి రాదు. బజారు ఉర్దూ వచ్చుగానీ ఆ పుస్తకాల ఉర్దూ సగానికి సగం తెలియదు. వత్సల దెగ్లూర్‌లో ఉర్దూ పంతులుగారి వాకిట్లో ఆడుకొని పెరిగిన పిల్ల. అందుకని ఏడాదిగా సాయంత్రం పూట ఇంట్లో ఇదే పద్ధతి. మామ ఇంగ్లీషు మాటనూ దాని ఉర్దూ అర్థాన్నీ చదివేవాడు. జొన్నరొట్టెలు కొడుతూ వత్సల దాన్ని మరాఠీలోనూ తెలుగులోనూ విప్పి చెప్పేది. అంబదాస్ రాసుకొని, తలూపి, పడుకొని, పొద్దున్నే మరిచిపోయేవాడు. వత్సల ఏమీ రాసుకోలేదు. ఆమె మరిచిపోలేదు.

మామగారి పిలుపుకు వత్సల లేచేలోగానే అంబదాస్ లేచాడు. గూట్లోంచి బయాజు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బాపూ, ఇది నువ్వు ఎవరికోసం బైటికి తీసినవ్?"

"నీ కోసమే తీసిన," అన్నాడు ఆదిశేషయ్య. మంచి చెవే ఇటు ఉన్నట్టుంది.

"మరి నా పరీక్ష అయిపాయె గదా. ఇంక దీంతోని పనేమున్నది?"

అటక మీద పెట్టడానికి స్టూలు లాగాడు. ముప్పై మూడేళ్ళ మనిషి, పదో తరగతి పిల్లాడిలా మూతి ముడుచుకొని స్టూలెక్కుతుంటే వత్సలకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. నాలుగు రోజులుగా రావలసిన కోపం అది.

"పెట్టుకోనియ్యిండ్రి మామా," అంది. "నాకు దాంతోని పనిలేదు."

అంబదాస్ స్టూలు మీదే ఆగాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి భార్య ముఖంలోకి చూశాడు.

"పనిలేదా? మూడువేల మాటలు నెత్తిల ఉన్నయా?"

"అడుగు," అంది వత్సల.

అతను స్టూలు దిగాడు. బయాజు తెరిచాడు. ఇంగ్లీషు మాటలు చదవగలడు కాబట్టి అడగడానికి ఇబ్బంది లేదు. అర్థం సరైనదో కాదో చెప్పడానికి తండ్రి ఉన్నాడు. నడిమి పుట తిప్పి, దొంగను పట్టుకోబోయేవాడిలా, "గారులస్" అన్నాడు.

"వాగుడుకాయ. మరాఠీల బడబడ్యా. బయాజుల బాతూనీ అని ఉన్నది."

"సహీ," అన్నాడు ఆదిశేషయ్య కళ్ళు మూసుకొని.

"ఇండొలెంట్."

"సోమరి. ఆళశీ. కాహిల్."

"సహీ."

అంబదాస్ నాలుగు పుటలు దాటేశాడు. "విండిక్టివ్."

"పగ మనసుల పెట్టుకొని తిరిగేటోడు. కీనాపర్వర్."

ఈసారి ఆదిశేషయ్య కళ్ళు తెరిచాడు. ఆ ఉర్దూ మాట తానే రాశానని ఆయనకే గుర్తులేదట. కొడుకు చేతిలోంచి బయాజు తీసుకొని, కళ్ళద్దాలు పైకి జరిపి చూసి, సహీ అని తిరిగి ఇచ్చేశాడు.

అలా పాతిక మాటలు అయ్యాయి. వత్సల మధ్యలో లేచి అత్తకు సుశీల పెట్టింది, మామకు పెట్టింది, అంబదాస్ ముందు కూడా ప్లేటు పెట్టింది. ఎక్కడా తడబడలేదు. ఆఖరికి అతను చివరి పుటలకు పోయాడు. అక్కడి మాటలు ఏ సాయంత్రమూ చదవలేదని అతనికి ఖాయంగా తెలుసు. వాటికి కూడా ఆమె జవాబు చెప్పేసరికి ఇది ఎట్ల తెలుసని అడిగాడు.

వత్సల దాచలేదు. అతను ఇస్లాపూర్ పెళ్ళికి పోయి మూడు రోజులు ఉండిపోయినప్పుడు మామ దగ్గర కూర్చొని చదివించుకున్నానంది. ఒక్కదాని కోసమే చదివించుకున్న మూడు సాయంత్రాలవి. ఆ మూడు రోజులూ తనకెంత బాగున్నాయో కూడా చెప్పింది. చెబుతుంటే ముఖం వెలిగింది. అంబదాస్ ఆ వెలుగు చూసి తల వంచుకొని ఇంకో పుట తిప్పాడు.

"ఫ్రూగల్," అని చదివాడు.

చదివి ఊరుకున్నాడు.

"పొదుపుగల్లోడు," అంది వత్సల. మరాఠీ చెప్పలేదు. ఉర్దూ చెప్పలేదు. ఆమె కూడా ఆగిపోయింది.

ఆ మాట ఔరంగాబాద్ ప్రశ్నపత్రంలో వచ్చింది. ఇద్దరికీ గుర్తే. ఆదిశేషయ్య సహీ అనబోయి, కొడుకు వాలకం చూసి మానుకున్నాడు. అనుసూయాబాయి ఇంట్లో రేడియో మరాఠీ భజన పాడుతోంది. లక్ష్మీబాయి సుశీలలోంచి మిరపకాయ ఏరి పక్కన పెడుతూ, ఇన్ని తెలిసినదానివి మొగుడికి నాలుగు చెప్పలేకపోయావా అని మళ్ళీ మొదటికొచ్చింది.

"అమ్మా, ఆపు," అన్నాడు అంబదాస్.

బయాజు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వత్సల కాగితం దాచలే. మోచేయి తీసి ఇటు జరిపింది. నాకు మొత్తం కనవడ్డది."

లక్ష్మీబాయి చేతిలో మిరపకాయ అలాగే ఉంది. "కనవడితె మరి?"

"చూసిన. ఈ మాటకు ఆమె సరైన అర్థం మీదనే పెన్సిల్ గీసింది. నేను పండ్లకు సంబంధించిందేమో అనుకున్న. ఫ్రూట్‌ఫుల్ అని ఇంకోటుండె, దాని మీద గీసిన. ఈమెకేం తెలుసు, ఉట్టిగనే గీసింది అనుకున్న." గొంతు సవరించుకున్నాడు. "ఇదొక్కటి గాదు. పద్నాలుగింటికి గట్లనే చేసిన."

ఏ గోడకేసి చూస్తూ నాలుగు రోజులు నీళ్ళు తాగాడో, ఇప్పుడు ఆ గోడకేసి కూడా చూడలేకపోయాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే ఇలా ఒప్పుకోవడం అంబదాస్ జీవితంలో చాలా కష్టమైన పని. పరీక్ష కంటే కష్టమైంది. అది ఎవరూ కాగితం జరపకుండానే చేశాడు.

"మరి నేను దాన్ని తిడుతుంటె ఎందుకు ఊకున్నవ్ రా?" అంది లక్ష్మీబాయి కొడుకుతో. వెంటనే కోడలి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పకపోతివి?"

"అది నేను చెప్పేది గాదత్తమ్మా."

ఆ మాటతో లక్ష్మీబాయి తగ్గుతుందని అనుకునేవాళ్ళకు లక్ష్మీబాయి తెలియదు. తప్పయిందని ఆమె అనలేదు. అనదు కూడా. పళ్ళెం పట్టుకొని లేచి వెళ్ళి, కోడలి ఖాళీ పళ్ళెంలోకి తన సుశీల సగం తోసి వచ్చి మళ్ళీ మంచం మీద కూర్చుంది.

వత్సల తినలేదు. గెలిచినట్టుగా ఉండాలి గానీ ఆమెకు అలా లేదు. పరీక్ష రోజు హాల్లో అతని కళ్ళు తన కాగితం మీద ఆగడం చూసింది. పెన్సిల్ ఇంకోచోటికి పోవడం కూడా చూసింది. అప్పుడే అంతా అర్థమైంది. అయినా ఇవాళ అతని నోటి వెంట వింటే మళ్ళీ కొత్తగా నొప్పి పెట్టింది.

"చూపెట్టుడు తప్పే," అంది అతనితో. "పట్టువడితె ఇద్దర్ని బైటికి నూకుదురు. మళ్ళ జన్మల చెయ్య. గని ఏడాది సంది నా నోట్లకెంచే విన్నవ్ గదా. ఒక్క గంట నమ్మకపోతివి."

"నమ్మలే," అన్నాడు అంబదాస్. అంతకంటే ఏమీ కలపలేదు. సాకు చెప్పలేదు. వత్సలకు అది కొంచెం నయమనిపించింది.

ఆదిశేషయ్య ఇక చాలన్నట్టు దగ్గాడు. ఇల్లలకగానే పండుగ కాదని, రాత పరీక్ష దాటినంత మాత్రాన కొలువు రాదని, ములాఖత్‌లో నలుగురు సాహెబులు వరసగా కూర్చొని గడగడా ఇంగ్లీషులో అడుగుతారని, మాటల అర్థాలు కాదు, వాక్యాలు కావాలని చెప్పాడు. తర్వాత కోడలిని ఎదురుగా కూర్చోమన్నాడు. తాను సాహెబు అయ్యాడు. చొక్కా గుండీ మెడదాకా పెట్టుకొని, వెన్ను నిటారు చేశాడు.

ఆయన ఇంగ్లీషుకు ఒక అలవాటుంది. జీవితమంతా తంతులు పంపిన మనిషి కావడంతో ఏ వాక్యమైనా స్టాప్‌తోనే ముగిస్తాడు.

"వై యూ వాంట్ దిస్ జాబ్, స్టాప్."

ఈ ఉద్యోగం నీకు ఎందుకు కావాలి. అంతే ప్రశ్న. మూడువేల మాటలు తెలిసిన వత్సల నోరు తెరిచింది, ఒక్క మాటా రాలేదు. అప్పుడు తట్టింది ఆమెకు, ఇరవై ఎనిమిదేళ్ళ బతుకులో తాను ఇంగ్లీషులో ఒక్క వాక్యం కూడా ఎవరితోనూ పైకి మాట్లాడలేదని. పెద్ద పెద్ద మాటలు వరసగా గుర్తొస్తున్నాయి, ఏదీ దేనికీ అతకడం లేదు.

లక్ష్మీబాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది. గంట క్రితం పోవద్దన్న మనిషే.

వత్సల పెద్ద మాటలన్నీ పక్కకు నెట్టేసింది.

"బికాజ్ ఐ పాస్డ్, సర్."

ఆదిశేషయ్య మొదట అలాగే గంభీరంగా ఉండబోయాడు. ఉండలేకపోయాడు. భుజాలు ఊగేలా నవ్వాడు. పాసు అన్న మాట లక్ష్మీబాయికి కూడా తెలుసు కాబట్టి, అదేం తప్పు, పాసయింది గదా అని ఆమె మొగుణ్ణి కసిరింది. వత్సల కూడా నవ్వింది. మొదటి వాక్యం బయటికొచ్చాక భయం పోయింది. ఇంకా అడగమంది. పేరు, ఊరు, చదువు, బీఏలో ఏం చదివావు. అన్నిటికీ చిన్న చిన్న వాక్యాల్లో చెప్పింది. ఒకటి రెండు వంకరగా వచ్చాయి. పట్టించుకోలేదు. పదకొండు రోజులు ఉన్నాయి కదా, సరి చేసుకోవచ్చు అనుకుంది.

అంబదాస్ లేచాడు. వెళ్ళిపోతాడేమోనని వత్సల చూసింది. అతను స్టూలు తెచ్చి తండ్రి పక్కన వేసుకొని కూర్చున్నాడు. ఇద్దరు సాహెబులయ్యారు. బయాజు తెరవలేదు.

"ఐ విల్ ఆస్క్ వన్ క్వశ్చన్," అన్నాడు. రెండుసార్లు ఇంగ్లీషులో తప్పినవాడే గానీ ఈ వాక్యం ఎన్ని రోజులుగా మనసులో తిప్పుకున్నాడో, ఎక్కడా తట్టుకోలేదు. "ఇఫ్ పోస్టింగ్ ఈజ్ వెరీ ఫార్, విల్ యువర్ హస్బెండ్ కమ్ విత్ యూ?"

ఉద్యోగం చాలా దూరాన ఇస్తే నీ భర్త నీతో వస్తాడా.

ఆదిశేషయ్య కొడుకు వైపు చూశాడు. చెవి తిప్పుకోలేదు.

వత్సల అతని కళ్ళలోకి చూసింది. ఈసారి మాటలు వెతుక్కోలేదు. నిటారుగా కూర్చొని, సాహెబుకు ఇవ్వాల్సినంత మర్యాద ఇచ్చి జవాబు చెప్పింది.

"ప్లీజ్ ఆస్క్ హిమ్, సర్."

లక్ష్మీబాయి ఏమన్నదని అడిగింది. మొగుణ్ణే అడగమంటున్నదని ఆదిశేషయ్య తెలుగులో చెప్పాడు. పక్కింట్లో భజన ఆగిపోయింది. ముగ్గురూ అంబదాస్ వైపు తిరిగి, అతను ఏమంటాడోనని ఎదురుచూస్తూ కూర్చున్నారు.